వాన కబురు

అక్కలారా, వాన కబురు అంటే మీకు నవ్వు. "వానన్నారు, చుక్క పడలేదు" అంటారు. నేనూ నవ్వేదాన్నే. నిరుడు కబురు విని కూడా ఆరబెట్టిన కాఫీ గింజలు ఎత్తలేదు. తడిసి బూజు పట్టాయి. అమ్మ తిట్లు ఇంకా గుర్తే!

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం ముందే చెప్పింది. తీరం ఊళ్లలో వేలమందిని ముందే తరలించారు. ఆ గాలికి మన మన్యంలో కాఫీ తోటల నీడచెట్లు కూలాయి.

మరి మామూలు వాన కబురు ఎందుకు తప్పుతుంది? తుపాను పెద్దది. సముద్రం మీద ఉండగానే కనబడుతుంది. కొండ మబ్బు చిన్నది. గంటలో పుడుతుంది. ఇటు వాన, అటు ఎండ. 'అక్కడక్కడ వాన' అంటే కొన్ని ఊళ్లకే. చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో వాన, చలి కొలుస్తారు. మనకు దగ్గరి లెక్క అదే.

కబురు విన్న రోజు గింజల పక్కన టార్పాలిన్ పెట్టుకోండి. వాన రాకపోతే మడత పెట్టేద్దాం.