ప్లీడరు గారు, పూటకూళ్ళమ్మ గారు
(సమాఖ్య మహాసభలో చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాదీ పొదుపులు, బ్యాంకు లింకేజీ గురించే చెప్పుకుంటాం. ఈసారి క్రిమినల్ కేసులు వాదించే ప్లీడర్ల గురించి నాలుగు మాటలు చెప్తాం. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు వినని వాళ్ళు లేరు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి. అంతకన్నా ముందు ఆయన ప్లీడరు. 1872లో పుట్టారు. పదకొండేళ్ళకే తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు పెట్టి, నలుగురికి అన్నం వండి పెట్టి పిల్లల్ని సాకారు. ఆ రోజుల్లో ఆ పనిని లోకువగా చూసేవారు. ఆవిడ లెక్క చెయ్యలేదు. గురువు హనుమంతరావు నాయుడు గారు కూడా ఆదుకున్నారు.

ప్రకాశం గారు మన గోదావరి ఒడ్డునే, రాజమండ్రిలో సెకండు గ్రేడు ప్లీడరుగా పేరు తెచ్చుకున్నారు. ఎంత పేరున్నా ఆ గ్రేడు వాళ్ళకి హైకోర్టులో వాదించే అర్హత లేదు. అందుకని 1904లో ఇంగ్లండు వెళ్ళి బారిస్టరు చదివారు. మాంసం, మద్యం, పొగ ముట్టనని తల్లికి మాటిచ్చి వెళ్ళారు. 1907లో వచ్చి మద్రాసు హైకోర్టులో వాదించారు. 1911లో తిరునల్వేలి కలెక్టరు ఆష్‌ని కాల్చి చంపిన కేసులో ముద్దాయిల తరఫున నిలబడ్డారు. తెల్లదొరని చంపారన్న కేసు అది. అలాంటి కేసులోనూ ముద్దాయి మాట చెప్పడానికి ఒక మనిషి ఉండాలి కదా! బాగా సంపాదించిన ఆ ప్రాక్టీసుని 1921లో స్వాతంత్ర్య పోరాటం కోసం వదిలేశారు.

ఇప్పుడు మా సంగతి. మా సంఘంలో ఒక అక్క కొడుకుని కొట్లాట కేసులో పట్టుకుపోయారు. ప్లీడరుని పెట్టడానికి ఆవిడ అప్పు అడిగితే మేము తీర్మానం రాయలేదు. "తప్పు చేసినోడికి ప్లీడరెందుకు" అన్నాం. ఆవిడ చెవిదిద్దులు తాకట్టు పెట్టుకుంది. తర్వాత కోర్టు ఆ కుర్రాడి మీద కేసు కొట్టేసింది. ఆవిడ మాత్రం ఇప్పటికీ మీటింగులో వెనక చాపమీదే కూర్చుంటుంది. ఆ తప్పు మాదే. రుజువయ్యే దాకా ఎవరూ దోషి కాదన్న మాట మాకు తట్టలేదు.

ఇంకో సంగతి కూడా మాకు అప్పుడు తెలీదు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి, ఆదాయం ఎంతైనా సరే, ఉచితంగా లాయరుని ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకీ, కస్టడీలో ఉన్నవాళ్ళకీ అంతే. ఆ కుర్రాడికీ ఇచ్చేవారు. దిద్దులు నిలిచేవి. అమలాపురం కోర్టులో న్యాయ సేవల కమిటీ ఉంది. అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు. 15100కి ఫోన్ చేస్తే డబ్బులు పడవు. అరెస్టయిన మనిషికి తనకి నచ్చిన లాయరుతో మాట్లాడే హక్కు రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. ఆడవాళ్ళని పొద్దు గూకాక, తెల్లారకముందు అరెస్టు చెయ్యకూడదు. తప్పనిసరైతే ఆడ పోలీసు అధికారి మేజిస్ట్రేటు అనుమతి తీసుకునే చెయ్యాలి.

అందుకని ఈ ఏడాది మేము రెండు పనులు చేశాం. 15100 నంబరు ప్రతి పాస్‌బుక్కు అట్టమీదా రాయించాం. కేసుల్లో చిక్కుకున్న సభ్యురాలి ఇంటికి మర్నాడే ఇద్దరం వెళ్ళాలని తీర్మానం రాశాం. ఆ తీర్మానం మీద మొదటి సంతకం ఆ అక్క చేతే పెట్టించాం.

మీ సంఘాల్లో కూడా రాసుకోండి. సెలవు.