ఒక పంతులు, మూడు ఊళ్ల కిరాయి ఇళ్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



గల్ఫ్‌లో పాఠాలు చెప్పిన అనుభవం మాట్లాడమని సంఘం వాళ్లు అడిగారు. పాఠాల సంగతిలో కొత్తేమీ లేదు. పదో తరగతి త్రికోణమితి ఇక్కడైనా దుబాయిలోనైనా ఒకటే. నాకు అక్కడ కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది కిరాయి ఇల్లు వెతుక్కోవడం. ఆ ముచ్చటే చెప్తాను. మన పిల్లల్లో బీఈడీ చేసి బయటి దేశాలకు పోవాలనుకునేవాళ్లకు పనికొస్తుంది. ఇక్కడ ఇళ్లున్న మిత్రులకూ ఒక మాట ఉంది, అది చివర చెప్తాను.

ముందు ఇక్కడి సంగతి. 1999లో నా మొదటి కొలువు ఆదిలాబాద్ పట్టణంలో ఒక ప్రైవేటు బడిలో. బడికి అయిదు నిమిషాల దూరంలో రెండు గదుల ఇల్లు దొరికింది. పెరట్లో బావి, ముందర వేపచెట్టు. ఇంటామె చాయ్ ఇచ్చారు. కిరాయి, కరెంటు, నీళ్లు అన్నీ మాట్లాడుకున్నాం. ఆఖరికి "మీరేమోళ్లు సారూ?" అని అడిగారు. చెప్పాను. చాయ్ గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. రేపు రమ్మన్నారు. తెల్లారి పోతే, తమ్ముడు వస్తున్నాడు, ఇల్లు ఇయ్యలేమన్నారు. ఆ ఏడాదంతా ఆ ఇంటికి తాళమే ఉంది. నేను రోజూ ఆ తొవ్వనే బడికి పోయేవాణ్ని.

తర్వాత కరీంనగర్ వచ్చాను. మూడు ఇళ్ల దగ్గర ఇదే కథ. నాలుగో ఇంట్లో నేను వేరే కులం పేరు చెప్పాను. రెండేళ్లు ఆ ఇంట్లో ఉన్నాను. మా అమ్మ మాటల్లో అసలు సంగతి బయటపడుతుందని, ఊరి నుంచి వస్తానంటే వద్దన్నాను. "ఇల్లు ఇరుకు అమ్మా" అన్నాను. ఇల్లు ఇరుకు కాదు. ఈ మాట నలుగురిలో చెప్పడం ఇదే మొదటిసారి.

2011 ఏప్రిల్‌లో దుబాయి పోయాను. అక్కడి మన సిలబస్ బడులు ఏప్రిల్‌లోనే మొదలవుతాయి. ఒక నెల బడివాళ్లే బస ఇచ్చారు. తర్వాత ఇల్లు నువ్వే చూసుకో అన్నారు. అక్కడ కిరాయి నెలనెలా ఇచ్చేది తక్కువ. ఏడాది కిరాయిని కొన్ని చెక్కులుగా విడదీసి, ముందు తేదీలు వేసి, అన్నీ మొదటి రోజే ఇంటి ఓనరు చేతిలో పెట్టాలి. చెక్కులు ఎన్ని తక్కువైతే కిరాయి అంత తగ్గుతుంది. ఆ రోజుల్లో చెక్కు చెల్లకపోతే పోలీసు కేసే. ఖాతాలో డబ్బు చాలకపోతే నేరం కింద చూడొద్దని 2022 జనవరి నుంచి చట్టం మారింది. దాని మీద అడ్వాన్సు, ఏజెంటు కమీషను. కొత్తగా పోయిన పంతులు చేతిలో అంత డబ్బు ఎక్కడిది?

అందుకే మోసపోయాను. చెక్కులు వద్దు, నెలనెలా నగదు ఇస్తే చాలు అన్నాడొకాయన. రెండు నెలలది ముందే ఇచ్చాను. రసీదు అడగలేదు. మన భాషవాడే కదా అనుకున్నాను. ఆయన ఓనరు కాదు. తాను కిరాయికి తీసుకున్న ఫ్లాటును చెక్క పలకలతో గదులు చేసి మా నలుగురికి ఇచ్చాడు. ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా అట్లా మళ్లీ కిరాయికి ఇయ్యొద్దని అక్కడి 2007 చట్టంలోనే ఉంది. ఆయన ఓనరుకు డబ్బు కట్టలేదు. ఒక గురువారం సాయంత్రం ఓనరు మనుషులు వచ్చి ఖాళీ చేయమన్నారు. ఆయన ఫోను మోగలేదు. దిద్దాల్సిన పరీక్ష పేపర్ల కట్టతో, ఒక సూట్‌కేసుతో మెట్ల మీద కూర్చున్నాను.

ఆ బిల్డింగు కాపలాదారు వచ్చి పక్కన కూర్చున్నాడు. అక్కడ వాళ్లను నాతూర్ అంటారు. "ఏ ఊరు సార్ మీది?" అన్నాడు. కరీంనగర్ అన్నాను. ఆయనది జగిత్యాల దగ్గరి పల్లె. మెట్ల కింద ఉన్న తన గదిలో ఆ రాత్రి నాకు మంచం ఇచ్చి, తాను కింద పడుకున్నాడు. మూడేళ్లుగా ఇంటికి పోలేదట. ఊళ్లో మొదలుపెట్టిన ఇల్లు స్లాబు దాకా వచ్చి ఆగిందట. ఏ ఫ్లాటు ఎప్పుడు ఖాళీ అవుతుందో ఏజెంటు కన్నా ముందు నాతూర్‌కు తెలుస్తుంది. పది రోజుల్లో అల్ కుసైస్‌లో, బడికి నడిచిపోయేంత దగ్గర్లో ఒక ఫ్లాటు చూపించాడు. నాలుగు చెక్కులకు ఓనరును ఒప్పించింది కూడా ఆయనే. కమీషను తీసుకోలేదు. నా కులం అడగలేదు.

అయితే దుబాయిలో ఎవరూ ఏమీ అడగరని చెప్పను. గోడల మీద అంటించిన కాగితాల్లో ఫలానా దేశంవాళ్లకే, ఫలానా రాష్ట్రంవాళ్లకే అని రాసేవారు. ఒంటరి మగవాళ్లకు చాలా బిల్డింగుల్లో ఇల్లే ఇవ్వరు. గది అడగడానికి పోయినవాడి అవస్థ అంతటా ఉంది.

పోయే పిల్లలకు నాలుగు మాటలు. ఓనరు ఎవరో పత్రంలో చూడకుండా డబ్బు ఇయ్యొద్దు. ఒప్పందాన్ని సర్కారు దగ్గర నమోదు చేయించాలి. దుబాయిలో దాన్ని 'ఇజారీ' అంటారు. నిజాం కాలం నుంచి మనం వాడే 'ఇజారా' మాటకు అది చుట్టమే, రెండూ అరబ్బీవే. మన 'కిరాయి' కూడా ఆ దారిన వచ్చిందే. ఆ నమోదు ఉంటే, ఓనరు సొంతానికి కావాలన్నా అమ్ముకోవాలన్నా 12 నెలల ముందు నోటీసు ఇవ్వాలి. కరెంటు బిల్లులో ఏడాది కిరాయి మీద 5 శాతం ఇంటి రుసుము నెలనెలా కలుస్తుంది. లెక్కలో అదీ వేసుకోండి. ఏసీ ఖర్చు ఓనరుదైతే 'చిల్లర్ ఫ్రీ' అంటారు. ఎండల దేశంలో అది చిన్న సంగతి కాదు. ఇల్లు మధ్యాహ్నం పూట చూడండి. షార్జాలో కిరాయి తక్కువని అక్కడ దిగితే పొద్దున ట్రాఫిక్‌లో గంటలు పోతాయి. పంతులుకు బడి దగ్గరుండాలి, పేపర్లు దిద్దుకోవడానికి ఒక మూల ఉండాలి.

2014లో విజిట్ వీసా మీద అమ్మను తెచ్చుకున్నాను. నెల రోజులుంది. పక్క ఫ్లాటువాళ్లతో భాష రాకపోయినా పచ్చడి ఇచ్చిపుచ్చుకుంది. పోయే ముందు రోజు "కరీంనగర్ ఇల్లు ఇంతకన్నా ఇరుకా బిడ్డా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ఆమెకు తెలుసనుకుంటాను.

మన జిల్లాల గడ్డ మీద ఇంకో పంతుళ్ల కథ ఉంది. 1940లలో ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో గోండుల మధ్య, వాళ్ల ఇళ్లలాంటి ఇంట్లోనే ఉన్నారు. గోండు పిల్లలకు చదువు చెప్పే పంతుళ్లను తయారుచేసే కేంద్రం 1943లో అక్కడే మొదలైంది. ఆ దంపతుల సమాధులు ఇప్పటికీ ఆ ఊళ్లో ఉన్నాయి. ఏ దేశంవాళ్లో తెలియని మనుషులకు గోండులు తమ మధ్య చోటిచ్చారు.

ఇక ఇళ్లున్న మిత్రులకు ఆ చివరి మాట. మీలో చాలామందికి కరీంనగర్‌లో, మంచిర్యాలలో, ఆదిలాబాద్‌లో కిరాయి ఇళ్లున్నాయి. అవి గల్ఫ్ పైసలతో కట్టినవో, అమెరికా పైసలతో కట్టినవో అయుంటాయి. అక్కడ మనకు ఎవరో ఒకరు గది ఇస్తేనే ఆ పైసలు వచ్చాయి. ఏదైనా బడికి కొత్తగా వచ్చిన సారో, టీచరమ్మో మీ ఇంటి ముందు నిలబడితే కిరాయి అడగండి, అడ్వాన్సు అడగండి, ఎంతమంది ఉంటారో అడగండి, కాగితం రాసుకోండి. ఆ ఒక్కటి మాత్రం అడగకండి. చాయ్ తాగనివ్వండి.