మన కేబులు వెనుక ఉన్న సర్దార్జీ

(డిచ్‌పల్లిలో జరిగిన విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను ఎప్పటిలాగే కరువు భత్యం లెక్కల మీద మాట్లాడమన్నారు. ఈ ఒక్కసారికి వదిలిపెట్టండి, ఒక మనిషిని గురించి చెప్పుకుంటాను అని అడిగాను. ఆయన మన శాఖలో పనిచేసినవారు కారు. మనలో ఎవరమూ ఆయనను చూడలేదు. అయినా మన సర్వీసు చివరి రోజుల్లో మనం చేతులతో పట్టుకున్న పనికి మూలపురుషుల్లో ఆయన ఒకరు. పేరు నరీందర్ సింగ్ కపానీ. 1926 అక్టోబరు 31న పంజాబులోని మోగాలో పుట్టారు. 2026 ఆయన శతజయంతి సంవత్సరం.

సర్దార్జీలు మనకు కొత్తవారు కారు. నాందేడ్ గురుద్వారాకు పోయే రైలు మన డిచ్‌పల్లి స్టేషను మీదుగానే పోతుంది. మీటరుగేజి కాలం నుంచీ ఆ తలపాగాలను కిటికీల్లో చూస్తూనే ఉన్నాం. అటువంటి ఒక తలపాగా లండను చేరి, అక్కడి నుంచి అమెరికా చేరి, మన రోడ్డు పక్క కందకంలోకి ఎట్లా వచ్చిందో అదే ఇవాళ్టి నా కథ.

కపానీ గారు పెరిగింది డెహ్రాడూన్‌లో. వెలుతురు తిన్నగానే పోతుంది, వంకర పోదు అని బడిలో పంతులు గారు చెప్పారట. ఎందుకు పోదు అనే ప్రశ్న ఆ పిల్లవాడి మనసులో ఉండిపోయింది. ఆగ్రా విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేసి, డెహ్రాడూన్ ఆయుధ కర్మాగారంలో కటకాల పనిముట్లు తయారుచేసే చోట పనిచేశారు. అంటే మొదట ఆయనా మనలాగే సర్కారు ఉద్యోగి. 1950ల మొదట్లో పై చదువుకు లండను ఇంపీరియల్ కళాశాలకు వెళ్ళారు. చదివింది భౌతికశాస్త్రమే అయినా చేసిందంతా ఇంజినీరు పని.

అక్కడ హెరాల్డ్ హాప్కిన్స్ అనే ఆచార్యుని దగ్గర పరిశోధనకు కుదిరారు. సన్నని గాజు పోగులు వేల సంఖ్యలో కట్టగట్టి, ఆ కట్టను వంచి, ఒక కొసన పెట్టిన బొమ్మను రెండో కొసన చూపించారు. కట్ట పొడవు ముప్పావు మీటరు. 1954 జనవరి 2న నేచర్ పత్రికలో ఆ ఇద్దరి వ్యాసం అచ్చయింది. ఇటువంటి పని మీదనే హాలండులో వాన్ హీల్ అనే శాస్త్రజ్ఞుడు రాసిన వ్యాసం కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. ఒక్కరి వల్ల అయిన పని కాదని చెప్పటానికే ఈ మాట అన్నాను.

గాజులో వెలుతురు ఎట్లా వంగుతుందని పిల్లలు అడుగుతారు. చెరువులో మునిగి ఏటవాలుగా పైకి చూసినవారికి తెలుసు, నీటి పైభాగం అద్దంలా కనపడుతుంది. లోపలి వెలుతురు అక్కడ తగిలి మళ్ళీ లోపలికే వస్తుంది. గాజు పోగులోనూ అంతే. వెలుతురు గోడకు తగులుతూ, తిరిగి లోపలికే మళ్ళుతూ, పోగు ఎటు వంగితే అటు పోతుంది. పంతులు గారు చెప్పిందీ తప్పు కాదు. ప్రతి అడుగూ తిన్ననే, దారి మాత్రం వంకర.

ఇక మన సంగతి. ట్రంకు కాల్ రోజులు మీకు గుర్తున్నాయి కదా. పసుపు సీజనులో ఆర్మూరు వైపు రైతులు, అడ్తి వ్యాపారులు సాంగ్లీ ధర ఎంత ఉందో తెలుసుకోవటానికి కాల్ బుక్ చేసి, ఎక్స్చేంజి అరుగు మీద బీడీలు కాలుస్తూ కూర్చునేవారు. లైను కలిసేసరికి బేరం దాటిపోయేది. అంతకన్నా కష్టం గల్ఫుకు పోయిన పిల్లల తల్లులది. శుక్రవారం దుబాయి నుంచి కొడుకు ఫోను చేస్తాడని ఒక అవ్వ పొద్దున్నే వచ్చి కూర్చునేది. సాయంత్రానికి లైను దొరికితే గరగర తప్ప ఏమీ వినపడేది కాదు. “నా కొడుకే మాట్లాడిండా సారూ?” అని నన్నే అడిగేది. అవునమ్మా, వాడే, బాగున్నాడట అని చెప్పేవాణ్ణి. ఒకటి రెండుసార్లు నాకూ వినపడకుండానే అట్లా చెప్పాను. ఆ అబద్ధం ఇవాళ మీ ముందు ఒప్పుకుంటున్నాను.

1990ల నడుమ హైదరాబాదు-నాగపూరు రోడ్డు పక్కన ఆప్టికల్ ఫైబర్ కేబులు పని వచ్చింది. అప్పుడది ఏడో నంబరు రహదారి, ఇప్పుడు 44. ఒకటిన్నర మీటరు పైచిలుకు లోతున కందకం తవ్వి, గొట్టం పరచి, అందులో కేబులు లాగాం. రాగి తీగెలు జత జతగా మెలిపెట్టి అతికిన చేతులు మనవి. వెంట్రుకంత గాజు పోగును స్పిరిటుతో తుడిచి, కొస తెగ్గొట్టి, యంత్రంలో పెట్టి అతకమంటే వణికిపోయాం. తెగిన ముక్క వేలిలో గుచ్చుకుంటే కంటికి కనపడదు, రాత్రంతా సలుపుతుంది. కందకం తవ్వే కూలీ ఒకతను, “సార్, గాజుల నుంచి మాట ఎట్ల పోతది?” అని అడిగాడు. నాకు జవాబు రాలేదు. ఆ జవాబు కోసం చదువుతుంటేనే కపానీ గారి పేరు మొదటిసారి కనపడింది.

రెండోసారి ఆయన మా ఇంటికే వచ్చారు. మా ఆవిడకు చాలాకాలం కడుపునొప్పి. గ్యాసు అని మాత్రలు మింగించి నేనే తాత్సారం చేశాను. చివరకు డాక్టరు గొట్టం వేసి చూస్తే పెద్ద పుండు బయటపడింది. ఇంకొంచెం ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చేదన్నారు. ఆ గొట్టం కథ కూడా లండను వ్యాసంతోనే మొదలు. దాన్ని చదివిన బేసిల్ హిర్షోవిట్జ్ అనే వైద్యుడు తన బృందంతో అమెరికాలో గాజు పోగుల గొట్టం తయారుచేసి, 1957లో మొదట తన గొంతులోనే దింపుకున్నాడు. ఇవాళ గొట్టం కొసన చిన్న కెమెరా ఉంటున్నది. కానీ లోపలికి వెలుతురు తీసుకుపోయేది చాలావాటిలో ఆ పోగులే. మా ఆవిడ ముందు వరుసలో కూర్చుని నవ్వుతున్నది, చూడండి.

కపానీ గారు 1955లో డాక్టరేటు పొంది అమెరికా వెళ్ళారు. రోచెస్టరులో, చికాగోలో పాఠాలు చెప్పారు. 1960లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఆయన రాసిన వ్యాసంతో ఫైబర్ ఆప్టిక్స్ అనే పేరు నలుగురి నోళ్ళలో పడింది. అదే ఏడు కాలిఫోర్నియాలో సొంత కంపెనీ పెట్టారు. నూటికి పైగా పేటెంట్లు సంపాదించారు. తలపాగా, గడ్డం మాత్రం వదలలేదు.

2009లో గాజు పోగుల పనికి చార్లెస్ కావో గారికి నోబెల్ బహుమతి వచ్చింది. మనవాడికి అన్యాయం జరిగిందని దేశమంతా బాధపడింది. నేనూ బాధపడ్డాను. కానీ టెలిఫోన్ మనుషులుగా మనం న్యాయంగా చెప్పుకోవాలి. ఆ రోజుల గాజులో వెలుతురు కొద్ది దూరానికే సన్నగిల్లిపోయేది. కడుపులోకి చూడటానికి అది చాలు, డిచ్‌పల్లి నుంచి హైదరాబాదుకు చాలదు. గాజులోని మలినాలు తీసేస్తే మైళ్ళ దూరం పోతుందని 1966లో చూపినవారు కావో. ఆయనా షాంఘైలో పుట్టి పరదేశంలో పనిచేసినవారే. కపానీ గారికి కూడా వాటా దక్కి ఉంటే బాగుండేదన్నది నా మనసులో మాట. కావో గారిది తగని బహుమతి మాత్రం కాదు.

ఇంకొక సంగతి వినండి. ఆ బహుమతి వచ్చేనాటికి కావో గారికి మతిమరుపు జబ్బు పట్టుకుంది. నోబెల్ ఉపన్యాసం ఆయన బదులు భార్య చెప్పవలసి వచ్చింది. ఇది చదివిన రోజు నేను అన్నం ముద్ద నోట పెట్టుకోలేకపోయాను. మన సంఘంలోనూ అట్లాంటి ఇళ్ళున్నాయి, మీకు తెలుసు.

కపానీ గారు 1954లో సతీందర్ కౌర్ గారిని పెళ్ళాడారు. ఒక కొడుకు, ఒక కూతురు. 2016లో ఆమె పోయేదాకా అరవై ఏళ్ళకు పైబడిన కాపురం. పరదేశంలో పెరిగే పిల్లలకు తమ మూలం తెలియాలని 1967లో సిక్కు ఫౌండేషను నెలకొల్పారు. సిక్కు చిత్రాలు, కళావస్తువులు సేకరించారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఆసియా కళల మ్యూజియంలో 2003లో తెరిచిన సిక్కు కళల గదికి భార్య పేరు పెట్టించారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరాలో సిక్కు చదువుల ఆచార్య పీఠానికి తల్లి కుందన్ కౌర్ పేరు పెట్టించారు. తన పేరు కన్నా ఇంటి ఆడవారి పేరు గోడ మీద చూసుకున్న మనిషి. 2020 డిసెంబరులో 94 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. 2021లో మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. అందుకోవటానికి ఆయన లేరు. రిటైరైనాక రావలసిన బకాయి కోసం తిరిగిన మనకు ఆ ఆలస్యం గురించి ఎవరూ చెప్పనక్కరలేదు.

సోదరులారా, మన పిల్లలు దుబాయిలో ఉన్నారు, అమెరికాలో ఉన్నారు. రాత్రి పూట మనవడి ముఖం ఫోనులో కనపడుతుంది. ఆ ముఖం సముద్రం అడుగున గాజు పోగులోనే వెలుగై వస్తున్నది. ఆ దారిలో ఎక్కడో మనలాంటివారు తవ్విన కందకాలూ, అతికిన అతుకులూ ఉన్నాయి. వాటి మీద పేర్లుండవు. మనవడికి తాత ఏం పని చేశాడో ఈ రాత్రి చెప్పండి. ఆ సర్దార్జీ పేరు కూడా చెప్పండి.

ఆ అవ్వ ఇప్పుడు లేదు. ఆమె కొడుకు మొన్నటేడు సెలవు మీద వచ్చి నన్ను కలిశాడు. అమ్మ నా మాట వినేదా సార్ అని అడిగాడు. వినేదని చెప్పాను. అదొక్కటీ నిజమై ఉంటే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.