అరికాలి తిమ్మిరి: సుబ్బారావుగారి నుంచి మెట్‌ఫార్మిన్ దాకా



వైద్య పరిశోధకుడు యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలుచుకోవడానికి మన బరంపురం బడా బజారులో ఇందరు కూడినందుకు సంతోషం. 1895లో ఆయన భీమవరంలో పుట్టేనాటికి ఆ ఊరూ మన బరంపురమూ మద్రాసు రాజధానిలోనివే. 1936 ఏప్రిల్ 1న బరంపురమున్న గంజాం ఒడిశాలో చేరినప్పుడు ఆయన హార్వర్డులో ఉన్నారు. ఆయన పేరు వినగానే మధుమేహం ఎవరికీ గుర్తుకు రాదు. అయినా షుగరు రోగి కాలి నరాల గురించి మాట్లాడేవాడు ఆయన దగ్గర ఆగి తీరాలని నా నమ్మకం.

మధుమేహం కూడా చేరే ప్రమేహమనే జబ్బు రాబోయే ముందు కనిపించే లక్షణాలు చెబుతూ చరకుడు కాళ్లూ చేతులూ మొద్దుబారడాన్ని, మండడాన్ని పేర్కొన్నాడు. మూత్రానికి చీమలు పట్టడమూ ఆ వరుసలోనే ఉంది. ఐరోపాలో మాత్రం చాలాకాలం నరాల జబ్బు వల్లే మధుమేహం వస్తుందనుకున్నారు. 1849లో ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ కుందేలు మెదడు అడుగుభాగాన సూదితో గుచ్చితే మూత్రంలో చక్కెర కనిపించింది. ఆ ఊహకు బలం చేకూరింది. 1864లో ఫ్రెంచి వైద్యుడు మార్షల్ ద కాల్వి ఆ ఊహను తలకిందులు చేశాడు. మధుమేహమే నరాలను చెరుస్తోందన్నాడు. చక్కెరను గట్టిగా అదుపులో పెడితే నరాల జబ్బు ముప్పు సుమారు 60 శాతం తగ్గుతుందని 1,441 మంది టైప్ 1 రోగులపై అమెరికా, కెనడాలలో జరిగిన అధ్యయనం 1993లో తేల్చింది. దీనిలో వాదానికి తావు లేదు. కానీ షుగరు రోగి కాలికి పట్టే ప్రతి తిమ్మిరీ షుగరు వల్లనే కాదు.

మరో కారణం బయటపడిన దారి సుబ్బారావుగారి ఇంట్లోనే మొదలవుతుంది. ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ వ్యాధికి బలయ్యారు. తిన్నది ఒంటబట్టక, రక్తం క్షీణించి మనిషి కృశించే జబ్బు అది. ఆయనకూ సోకింది, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బతికారు. 1922లో బోస్టను చేరారు. హార్వర్డు శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి, ఆ తర్వాత కణాలకు శక్తినిచ్చే ఏటీపీ కనుగొన్నారు. ఈ ఒక్క పనికే లోకం ఆయనను నెత్తిన పెట్టుకోవలసింది. కానీ మనసు మాత్రం రక్తహీనత మీదే ఉంది. కాలేయ సారంలో దాని మందును వెతుకుతూ, లెడర్లే మందుల సంస్థ ప్రయోగశాలలో తన బృందంతో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేయించారు. స్ప్రూ రోగులకు రక్తం పట్టింది.

అదే మందు పెర్నీషియస్ అనీమియా అనే మరో రక్తహీనతకు ఇచ్చి చూశారు. రక్తం బాగుపడింది, నరాలు బాగుపడలేదు. కొందరికి కాళ్ల తిమ్మిర్లు ముదిరి నడక తడబడింది. నరాలను కాపాడేది కాలేయ సారంలో ఇంకేదో ఉందని తేలిపోయింది. దాన్ని, అంటే విటమిన్ బి12ను, 1948లో అమెరికాలో మెర్క్, ఇంగ్లండులో గ్లాక్సో పరిశోధకులు వేరుచేశారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు 53 ఏళ్లకు కన్నుమూశారు.

ఈ బి12 కథ షుగరు రోగిని చేరేది మెట్‌ఫార్మిన్ దారిన. 1957లో పారిస్ వైద్యుడు జాఁ స్టెర్న్ మెట్‌ఫార్మిన్‌ను మధుమేహానికి మందుగా ప్రకటించాడు. అది మేలైన మందు, చవకైన మందు. దాన్ని ఎవరూ సొంతంగా మానకూడదు. అయితే దీర్ఘకాలం వాడినవారిలో కొందరికి బి12 సరిగా ఒంటబట్టడం లేదని బెల్‌ఫాస్ట్ వైద్యులు 1971లో చూపించారు. కాలేయంలో బి12 నిల్వ ఏళ్లకు సరిపడా ఉంటుంది కనుక లోటు వెంటనే బయటపడదు. పైగా మొక్కల ఆహారంలో బి12 దొరకదు. తరతరాలుగా శాకాహారం తినే ఇళ్లు మన బజారులో ఎన్ని ఉన్నాయో మీకు చెప్పనక్కరలేదు. వాళ్లకు పాలు, పెరుగే ఆధారం.

దుకాణంలో గద్దె మీద పొద్దంతా కూర్చునే మనిషి తిమ్మిరిని కూర్చోవడం మీదికి నెడతాడు. వైద్యుడు షుగరు మీదికి నెడతాడు. నీరసమంటే ఫోలిక్ ఆమ్లం కలిసిన బలం మాత్ర వస్తుంది. రక్తపరీక్ష బాగానే కనిపిస్తుంది. లోపల నరం చుట్టూ ఉండే మైలిన్ పొర మాత్రం చెడుతూనే ఉంటుంది. 1940లలో పెర్నీషియస్ అనీమియా రోగులకు జరిగింది మన ఇళ్లలో మళ్లీ జరగడానికి వీలుంది. అందుకే నాకు ఆందోళన.

మెట్‌ఫార్మిన్ వాడేవారికి, ముఖ్యంగా రక్తహీనత గానీ తిమ్మిర్లు గానీ ఉన్నవారికి, అప్పుడప్పుడు బి12 పరీక్ష చేయించమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతోంది. ఆలస్యం చేస్తే పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. చెప్పు జారిపోయినా తెలియడం లేదని ఇంట్లో పెద్దవాళ్లు అంటే, మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్లుగా వేసుకుంటున్నారో, ఏం తింటున్నారో ఈసారి వైద్యుడికి మీరే చెప్పండి.