ట్రాక్టరు పొగగొట్టపు గాస్కెట్ : గుర్తించుట, మార్చుట
(చందుర్తి రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను సస్యశాస్త్రము బోధించువాడను. విత్తనము, ఎరువు, నీరు ఇవి నా పాఠములు. ఇంజను సంగతి ఈయనకేమి తెలుసునని మీలో కొందరు అనుకొనవచ్చును. కాని కరిగెట దున్ను రోజులలో ట్రాక్టరు వారము పది రోజులు షెడ్డులో పడియుండిన యెడల నారు ముదురును. ముదురు నారు నాటిన పొలములో పిలకలు తగ్గును. అందుచేత ఈ చిన్న రేకు బిళ్ళ నా పాఠములోనికే వచ్చినది.

డీజిలు మండిన తరువాత వేడి పొగ బయటకు పోవలెను గదా. అది ఇంజను హెడ్డులోని రంధ్రముల నుండి మొదట మేనిఫోల్డు అను పోత ఇనుప గొట్టములోనికి వచ్చి, అక్కడి నుండి సైలెన్సరునకు పోవును. హెడ్డు, మేనిఫోల్డు కలియు చోట ఆ రెండు ముఖములను ఎంత నున్నగా చేసినను సన్నని సందులు మిగులును. ఆ సందులు మూయుటకై నడుమ పెట్టు బిళ్ళయే గాస్కెట్. మన మెకానిక్కులు దీనిని ప్యాకింగు అని కూడ అందురు. కారులోను, జీపులోను ఏర్పాటు ఇదియే.

ఇది ఎందుకు పాడగును? వేడికి ఇనుము సాగును, చల్లారగానే ముడుచుకొనును. అర మీటరు పొడవున్న పోత ఇనుము 400 డిగ్రీలు వేడెక్కిన సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగును. బరువైన పనిలో పొగ అంత వేడిగాను, అంతకు మించి కూడ ఉండును. ప్రతి దినము ఉదయము, సాయంకాలము ఈ సాగుట, ముడుచుకొనుట జరుగుచుండగా నడుమ నున్న బిళ్ళ నలిగిపోవును. నట్లు వదులైన చోట అది మరింత త్వరగా కాలిపోవును.

పాడైన గాస్కెటును చెవితోను, కంటితోను కనిపెట్టవచ్చును. తెల్లవారి చల్లని ఇంజనును స్టార్టు చేసినపుడు టిక్ టిక్ మని చప్పుడు వచ్చి, ఇంజను వేడెక్కిన కొలది తగ్గుచుండిన, అనుమానింపవలెను. ఇనుము సాగి సందు కొంత మూసుకొనుట వలన అట్లు తగ్గును. టాపెట్ల చప్పుడు కూడ ఇటువంటిదే గనుక చెవి నొక్కదానినే నమ్మరాదు. అతుకు వద్ద నల్లని మసి చారలున్నవేమో చూడండి. లేనియెడల, ఇంజను చల్లగా ఉన్నపుడే అతుకుపై సబ్బునీళ్ళు చల్లి స్టార్టు చేసిన, కారు చోట బుడగలు లేచును. వేడెక్కిన మేనిఫోల్డుపై మాత్రము నీళ్ళు పోయకూడదు. పోత ఇనుము పగులును.

చప్పుడే గదా, ఈ పంట గడువనిమ్మని ఊరకుండువారు కలరు. యాసంగి కోతల తరువాత గడ్డి మోయుచున్న ట్రాక్టరును తలచుకొనండి. వరిగడ్డి 300 డిగ్రీల లోపు వేడికే అంటుకొనగలదు. అతుకు నుండి కారు పొగ అంతకంటె వేడిగా ఉండవచ్చును. ఇంజను చుట్టు చేరిన గడ్డిపోచలకు అది సోకిన, ట్రాలీయే గాక పక్కనున్న గడ్డివామి కూడ పోవును. మూసిన కొట్టములో ఇంజను నడిపిన వేరొక ప్రమాదము కలదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు అను వాయువునకు రంగు లేదు, వాసన లేదు. అది నెత్తురులో ప్రాణవాయువు స్థానమును ఆక్రమించును. డీజిలు కంటె పెట్రోలు ఇంజనులో ఇది ఎక్కువ. కావున కారు గాస్కెట్ కారుచుండగా అద్దములు మూసి ప్రయాణము చేయుట బొత్తిగా తగదు.

ఇక మార్చు పద్ధతి. ఇంజను పూర్తిగా చల్లారిన పిదప బ్యాటరీ నెగటివు వైరును తీయవలెను. నట్లకు తుప్పు వదల్చు నూనె వేసి ఒక రాత్రి నాననిండు. ఇక్కడ తొందర పనికిరాదు. బలముగా తిప్పిన స్టడ్డు విరిగి హెడ్డులోనే ఉండిపోవును, వంద రూపాయల పని వేలలోనికి పోవును. ముందుకు కొంచెము, వెనుకకు కొంచెము ఆడించుచు తీయండి. పాత గాస్కెటులో ఆస్బెస్టాస్ ఉండవచ్చును. దానిని పొడిగా గీకి నోటితో ఊదరాదు, తడిపి తీయవలెను. రంధ్రములలో చెత్త పడకుండ గుడ్డ కుక్కి, పని కాగానే మరువక తీసివేయవలెను.

మా ఇంటి ట్రాక్టరు సంగతి ఇక్కడ చెప్పవలెను. ఒకే పంటలో మూడు గాస్కెట్లు వేసినాము. మూడును ఒకే చోట కాలినవి. వేసినవాడు ప్రతిసారి బిళ్ళ నాసిరకమనెను, మేమును నమ్మితిమి. నాలుగవసారి వేరొక మెకానిక్కు మేనిఫోల్డు ముఖముపై ఇనుప స్కేలు పెట్టి చూపగా, నడుమ వెలుతురు కనబడినది. ముఖము వంగియున్నది! వర్క్‌షాపులో చదును చేయించిన తరువాత మరల ఆ బాధ లేదు. ఆ ఏడు మా నాట్లు మాత్రము ఆలస్యమైనవి. కావున కొత్త బిళ్ళ కొనక ముందే స్కేలు పెట్టి చూడండి. నోటుపుస్తకపు కాగితము సుమారు 0.1 మిల్లీమీటరు మందముండును. స్కేలు క్రింద అది సులభముగా దూరినచో, ఫీలరు గేజితో కొలిపించి కంపెనీ పుస్తకములోని పరిమితితో సరిచూడవలెను.

బిగించునపుడు నడిమి నట్లతో మొదలుపెట్టి రెండు కొనలకు పోవలెను. ఒకేసారి గాక రెండు మూడు విడతలుగా, చివరి విడత టార్కు పానాతో, పుస్తకములో వ్రాసినంతయే బిగించవలెను. కంపెనీ చెప్పనిదే సిలికాన్ జిగురు పూయరాదు. సాధారణముగా అది ఇంత వేడికి ఓర్వదు. ఒక దినము పని చేసి చల్లారిన తరువాత నట్లు మరల చూడండి. కొన్ని రకములకు తిరిగి బిగించవలెను, కొన్నింటికి అక్కరలేదు. పుస్తకమేమి చెప్పునో అదియే చేయండి.

మరియొక మాట. గాస్కెట్ కొనుటకు వేములవాడకో, కోరుట్లకో పోవునపుడు పాతదానిని పారవేయక వెంట తీసుకొనిపోండి, ఇంజను నంబరు కూడ వ్రాసుకొనండి. బండి పేరు ఒకటే అయినను ఇంజను మారియుండవచ్చును. రంధ్రములు కలియని బిళ్ళ పట్టుకొని ఇంటికి వచ్చిన, ఆ దినము దున్నుట ఆగినట్లే.