వరద దినములలో విద్యుచ్ఛక్తి : పంచాయతీల కర్తవ్యము

(గోదావరి లంక గ్రామముల పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



గోదావరి మనకు క్రొత్త కాదు. వరదయు క్రొత్త కాదు. ఎర్రనీరు దిగిన నాటినుండి ఏటి వంక చూచుచు దినములు లెక్కించుట మన పెద్దలకు అలవాటే. కాని పెద్దల నాటి వరదకును నేటి వరదకును ఒక భేదము కలదు. ఆనాడు వరద వచ్చినను చూరున వ్రేలాడు కిరసనాయిలు లాంతరు ఆరెడిది కాదు. ఈనాడు ట్యాంకునకు మంచినీరు ఎక్కవలెనన్నను, సెల్‌ఫోను పలుకవలెనన్నను, ఆరోగ్య కేంద్రమున టీకా మందు చల్లగా నిలువవలెనన్నను విద్యుచ్ఛక్తియే ఆధారము. కావున కరెంటు పోయినచో గ్రామమునకు వెలుగు మాత్రమే కాదు, నీరు, వార్త, వైద్యము సైతము దూరమగును.

ఈ దినము మేము మీ ముందు ఉంచదలచిన మాట ఒక్కటియే. వరదలో కరెంటు పోవుట తప్పనిసరి కావచ్చును. కాని కరెంటు లేని ఆ నాలుగు దినములు గ్రామము ఎట్లు గడపగలదన్నది, వరదకు ముందు పంచాయతీ చేసిన పనిని బట్టి యుండును.

సరఫరా ఏల నిలుపుదురు?

33 వేల వోల్టుల లైను మీదుగా సబ్‌స్టేషనుకు వచ్చిన విద్యుచ్ఛక్తి అచట 11 వేల వోల్టులకు తగ్గి, ఫీడరు ద్వారా మన ఊరి ట్రాన్స్‌ఫార్మరుకు చేరి, అచటినుండి 230 వోల్టులుగా ఇంటిలోనికి వచ్చును. ఈ దారిలో ఎచట తీగ తెగినను, స్తంభము ఒరిగినను, దిగువ నున్న వారందరికి సరఫరా ఆగిపోవును. ఒక పేటలో దీపములు వెలుగుచుండగా ప్రక్క పేట చీకటిలో నుండుటకు తరచుగా కారణము పక్షపాతము కాదు. ఆ రెండు పేటలకు ఫీడరో ట్రాన్స్‌ఫార్మరో వేరగుటయే.

ఏ తీగ తెగకున్నను సిబ్బందియే సరఫరా నిలుపు సందర్భములును కలవు. దీనిని గ్రామస్థులకు వివరించి చెప్పవలసిన బాధ్యత మీది. రహదారిని దాటు 11 వేల వోల్టుల తీగ నేలకు కనీసము 6.1 మీటర్ల, అనగా సుమారు 20 అడుగుల ఎత్తున ఉండవలెనని నిబంధన. ఆ రహదారిపై పది అడుగుల నీరు నిలిచినదనుకొనుడు. తీగకును నీటికిని నడుమ మిగులునది పది అడుగులే. పడవపై నిలిచిన మనిషి చేతిలోని గడ పైకెత్తినచో ఏమగునో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. పడవలు తిరుగు దారిలో లైను నిలిపివేయుట ప్రాణరక్షణకే. అట్లే నీట మునిగిన ట్రాన్స్‌ఫార్మరు, మునిగిన ఇంటి స్విచ్చి బోర్డు చుట్టునున్న నీటికి విద్యుత్తు నంటింపగలవు. ఆ నీటిలో దిగిన పశువునకు గాని మనిషికి గాని ముందుగా హెచ్చరిక లభింపదు.

రెండు వరదల అనుభవము

2022 జులైలో భద్రాచలమున గోదావరి 71.3 అడుగులకు చేరినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇత్తురు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తరువాత అంతటి నీరు అచట చూచినది అప్పుడే. ధవళేశ్వరమున సెకనుకు 17 లక్షల ఘనపుటడుగులకు మూడవ హెచ్చరిక కాగా, ఆ వరదలో 25 లక్షలకు పైగా నీరు సముద్రమునకు పోయినది. లంక గ్రామములలో పలుచోట్ల సరఫరా నిలిపివేయవలసి వచ్చినది.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు గట్లు తెగి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురము మొదలగు పేటలు మునిగినవి. అదే సమయమున, సెప్టెంబరు 2వ తేదీన, ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణ ప్రవాహము సెకనుకు 11 లక్షల 43 వేల ఘనపుటడుగులకు చేరినది. మునిగిన పేటలకు సరఫరా నిలిపి, నీరు తీసిన పిదప పరీక్షించి దశలవారీగా ఇచ్చిరి. చుట్టును నీరే యున్నను త్రాగుటకు నీరు లేక మేడలపై చిక్కినవారికి పడవలతోను, డ్రోనులతోను ఆహారము, నీరు చేర్చవలసి వచ్చినది. మహానగరమునకే ఇట్టి స్థితి కలిగినపుడు ఏటి నడుమ నున్న లంక గ్రామము మరింత జాగరూకతతో ఉండవలెను.

మా పొరపాటు

ఇచట మా పొరపాటు నొకదానిని దాచక చెప్పుట ధర్మము. 2022 వరదలో ఒక పునరావాస కేంద్రమున, ఎవరో ఫోనులో చెప్పిన మాటను విచారింపక, సాయంత్రమునకు కరెంటు వచ్చునని మైకులో ప్రకటించితిమి. ఆ సాయంత్రము రాలేదు, మరునాడును రాలేదు. మూడవనాడు, కుళాయి నీరు కాచి త్రాగవలెనని అదే మైకులో చెప్పుచుండగా ఒక వృద్ధురాలు ముందుకు వచ్చి, “మొన్న కరెంటు వచ్చేస్తుందని చెప్పింది మీరే కదా నాయనా?” అని అడిగినది. ఆమె మాటలో కోపము లేదు. కాని ఆమె వెనుక నిలిచిన వారెవరును ఆ దినము నీరు కాచినట్లు మాకు తోచలేదు.

అప్పటినుండి మేము ఒక నియమము పాటించుచున్నాము. తెలిసినది మాత్రమే చెప్పుట, తెలియనిది తెలియదనుట, తిరిగి ఎన్ని గంటలకు చెప్పుదుమో చెప్పి, ఆ గంటకు తప్పక వచ్చుట. ‘లైను పరీక్ష జరుగుచున్నది, ఆరు గంటలకు మరల చెప్పెదము’ అన్న మాట ‘సాయంత్రమునకు వచ్చును’ అన్న మాటకంటె వేయి రెట్లు మేలు.

వరదకు ముందు చేయవలసినవి

మన రాజ్యాంగపు 11వ షెడ్యూలులో పంచాయతీలకు చెందదగిన 29 అంశములలో త్రాగునీరును, గ్రామ విద్యుదీకరణమును కలవు. కావున ఇది మనకు సంబంధించని విషయము కాదు.

మొదట నీటి సంగతి చూతము. రెండు వేల జనాభా గల గ్రామమున 40 వేల లీటర్ల ట్యాంకు ఉన్నదనుకొనుడు. మనిషికి దినమునకు 55 లీటర్ల చొప్పున కుళాయిలు వదలినచో లక్షా పదివేల లీటర్లు కావలెను. ట్యాంకు ఒక్క పూటలో ఖాళీ అగును. ట్యాంకు అడుగున నున్న వాల్వు మూసి, త్రాగుటకును వంటకును మనిషికి 10 లీటర్ల చొప్పున కొలిచి ఇచ్చినచో అదే నీరు రెండు దినములు వచ్చును. హెచ్చరిక వినబడగానే ట్యాంకు నింపి వాల్వు మూయు బాధ్యత ఎవరిదో వారి పేరుతో ముందుగానే తీర్మానము వ్రాసికొనవలెను.

రెండవది మోటారు స్టార్టరు. 1986 నీటి గుర్తును, 2022 నీటి గుర్తును చూచిన పెద్దలు మీ గ్రామములలో ఉన్నారు. ఆ గుర్తులలో ఎత్తైన దానికి పైన స్టార్టరును, ప్యానెల్ బోర్డును బిగించుట పెద్ద ఖర్చు కాదు. పల్లమున నున్న ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె ఎత్తు పెంచవలెనని విద్యుత్ ఇంజనీరుకు వ్రాతపూర్వకముగా కోరుడు. తీగలకు తగులు కొమ్మలను తొలకరికి ముందే, సిబ్బంది లైను నిలిపిన పిదపనే, కొట్టింపుడు.

మూడవది జనరేటరు. నీటి మోటారు కదలునపుడు తీసికొను విద్యుత్తు నడచునప్పటికంటె అనేక రెట్లుండును. కావున దాని శక్తి ఎంత ఉండవలెనో ఇంజనీరు నడిగి నిర్ణయించుకొనుడు. ఛేంజ్ ఓవర్ స్విచ్చి లేక జనరేటరును తీగలకు కలుపుట మహాపరాధము. అట్లు కలిపిన విద్యుత్తు వెనుకకు పోయి, ట్రాన్స్‌ఫార్మరులో 11 వేల వోల్టులై, లైను చచ్చియున్నదని నమ్మి స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణము తీయగలదు.

నాలుగవది ఒక చిన్న పట్టిక. ఆక్సిజన్ యంత్రముపై ఆధారపడినవారు, డయాలిసిస్‌కు పోవువారు, నెలలు నిండిన గర్భిణులు ఏ ఇంట ఉన్నారో వార్డు సభ్యునికి తెలియవలెను. రెండవ హెచ్చరిక నాటికే వారిని గట్టు దాటింపవలెను.

సరఫరా తిరిగి వచ్చునపుడు

నీరు తీసిన దినమే ప్రమాదము ఎక్కువ. తొందరయు ఆనాడే ఎక్కువ. లైన్‌మన్‌ను చుట్టుముట్టి “ముందు మా పేటకు వేయండి” అనుట సహజమే. అట్టి వేళ అతని ప్రక్కన నిలువవలసినవారు మీరే. 33 వేల వోల్టుల లైను, సబ్‌స్టేషను, ఫీడరు, ట్రాన్స్‌ఫార్మరు, సర్వీసు తీగ అను క్రమమున పరీక్షింపక తప్పదు. నీరు చేరిన నూనెతో ట్రాన్స్‌ఫార్మరును కలిపినచో అది కాలిపోవును. రెండు దినముల ఆలస్యము పది దినములగును. మునిగిన ఇండ్లలో మెయిన్ స్విచ్చి తీసియుంచి, వైరింగు ఆరిన పిదప పరీక్ష చేయించి వేయవలెను. మునిగిన మోటారును మెగ్గరుతో పరీక్షింపక నడుపరాదు. తెగిన తీగ కనబడినచో అచట మనిషిని కావలి ఉంచి 1912 నంబరుకు తెలుపుడు.

ఓర్పు వహింపుడని మాత్రమే చెప్పుట మా ఉద్దేశము కాదు. 2003 విద్యుత్ చట్టము సేవా ప్రమాణములను, అవి తప్పినపుడు పరిహారమును ఏర్పరచినది. 2020లో కేంద్రము చేసిన వినియోగదారుల హక్కుల నియమములును కలవు. వరద వంటి దైవికములకు మినహాయింపు ఉండుట న్యాయమే. కాని జూనులో చిరుజల్లుకే ఆగిపోవు ఫీడరు ఆగస్టు వరదకు నిలువదు. ఆ లోపమునకు వరదను సాకుగా చూపుట తగదు. కావున పంచాయతీ కార్యాలయమున ఒక పుస్తకము పెట్టి, కరెంటు పోయిన తేదీ, గంట, తిరిగి వచ్చిన గంట, తెలిసిన కారణము వ్రాయించుడు. ఆరు నెలల పిదప ఆ పుస్తకముతో కూడిన తీర్మానము అధికారుల ముందుంచినచో, దానిని ఎవరును తేలికగా త్రోసివేయజాలరు.

భద్రాచలమున నీరు పెరిగిన వార్త మనకు గంటల ముందుగానే అందును. ఆ గంటలలో ట్యాంకు నిండవలెను, వాల్వు మూయబడవలెను, పట్టికలోని ఇండ్ల తలుపులు తట్టవలెను. ఆ పనులు ఎవరు చేయుదురో ఈ నెల సమావేశముననే పేర్లు వ్రాసికొని, తీర్మానము చేయవలసినదిగా మిమ్ములను కోరుచు సెలవు తీసికొనుచున్నాము.