పిల్లలు – నీటిరంగులు



పిల్లలచేత నీటిరంగులతో వేయింపదగిన కొన్ని సులభచిత్రములను గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. ఇది పట్టణములలోని కలవారి బిడ్డలకు మాత్రమే తగిన వేడుక యని కొందఱి యభిప్రాయము. నేను నెల్లూరుజిల్లా పడమటిభాగమున, వరికుంటపాటి ప్రాంతపు పిల్లలను దృష్టియందుంచుకొని మాటలాడుచున్నాను. ఆ మెట్టసీమలో సాధ్యమైనది మఱి యెచ్చటనైనను సాధ్యమే గదా!

ముందుగా సంభారములు. ఎఱుపు, పసుపుపచ్చ, నీలము అను మూడు రంగుబిళ్లలు; లావుది యొకటి, సన్ననిది యొకటి రెండు కుంచెలు; దళసరి కాగితము; పాతగుడ్డ పీలిక; రెండు గిన్నెల నీరు. ఒక గిన్నె కుంచె కడుగుటకు, రెండవది రంగు కలుపుటకు. ఈ రెండింటిని వేఱుగా నుంచనిచో రంగులన్నియు బురదయగును. తెల్లరంగు కొనవలసిన పనిలేదు. నీటిరంగులలో తెలుపనగా కాగితపు తెలుపే. తెల్లగా నుండవలసినచోట రంగు తాకనీయకుండుటయే ఈ విద్యలోని మొదటి మెలకువ.

మొదటి పాఠము ఆకుపచ్చలు. పసుపుపచ్చలో నీలము కలిపిన ఆకుపచ్చ యగునని చెప్పి యూరకొనరాదు. పిల్లవానిని పెరటిలోనికి పంపి నాలుగు ఆకులు తెమ్మనవలెను. వేపచిగురు రాగివన్నెగా నుండును, ముదురాకు వేఱు, తుమ్మాకు, తాటియాకు వేఱువేఱు. ఒక్కొక్క ఆకు ప్రక్కన దాని వన్నెను కలిపి కాగితముపై పూయుమనుడు. పచ్చ మిక్కిలి కొట్టవచ్చినట్లున్నచో ఎఱుపు రవంత చేర్చిన అణగును. బిడ్డ ఒక్క గంటలో పది పచ్చలను గుర్తించును. అంతకుముందు అతనికి తెలిసినది ఒక్కటే పచ్చ.

రెండవది ముగ్గుల చిత్రము. దీనిని చిన్నపిల్లలు మిక్కిలి యిష్టపడుదురు. తెల్లకాగితముపై తెల్లని కొవ్వొత్తితో ఒక ముగ్గు గీయింపుడు. ఏమియు కనబడదు. తరువాత లావు కుంచెతో పలుచని నీలిరంగు పైనంతట పూయవలెను. మైనము నీటిని చేరనీయదు గనుక ముగ్గు తెల్లగా వెలువడును. రంగు తడిగా నున్నప్పుడే నాలుగు కల్లుప్పు రవ్వలు చల్లినచో ఉప్పు నీటిని పీల్చుకొనును. ఆరిన తరువాత దులిపినచో నక్షత్రములవంటి మచ్చలు నిలుచును. సంక్రాంతినాటి వేకువజాము, వాకిట ముగ్గు, ఆకసమున చుక్కలు – అన్నియు అర్ధగంటలో సిద్ధము.

మూడవది కొండలచిత్రము. కాగితమును పలకపై ఏటవాలుగా నుంచి, నీటితో తడిపి, పైనుండి క్రిందికి పలుచబడునట్లు ఆకాశవర్ణము పూయవలెను. పూర్తిగా ఆరిన పిమ్మట దూరపు వెలిగొండలను లేతనీలముతోను, అదియు ఆరిన పిదప దగ్గఱగుట్టను కొంచెము చిక్కనిరంగుతోను, చివరకు ఎదుటి పొలమును ఎఱ్ఱమట్టివన్నెతోను వేయవలెను. దూరము పెరిగినకొలది మనకును కొండకును నడుమ గాలి పెరుగును. అందుచేత కొండ వన్నె తేలికపడును. ఆరువఱకు వేచియుండుటయే ఇందలి కష్టము. తొందరపడిన రంగులు ఒకదానిలో నొకటి పాఱును. ఓరిమి నేర్పుటకు ఇంతకంటె మంచి బెత్తము లేదు.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచినది. మన పిల్లలను ఒక చిత్రము వేయుమన్నచో నూటికి తొంబదిమంది రెండు కొండలు, నడుమ ఉదయించు సూర్యుడు, ఒక గుడిసె వేయుదురు. ఎవరో పలకపై గీసి చూపిన బొమ్మయే తరతరములుగా నడచుచున్నది. వరికుంటపాటినుండి చూచిన ఉదయగిరి నైరృతి దిక్కున నుండును. పేరు ఉదయగిరియే గాని, చలికాలమున అచ్చటివారికి సూర్యుడు క్రుంకునది ఆ దిక్కుననే! తెల్లవాఱునది తూర్పు మెట్టపొలములమీద. కన్నులయెదుట నున్నదానిని విడిచి చూడనిదానిని గీయుట నేర్చిన బిడ్డ, రేపు చదువులోను తన కన్నును నమ్మడు. ఇతరుల మాటనే యెక్కించుకొనును. అందుచేత మాదిరిబొమ్మ నిచ్చి దింపుమనకుడు. "నీకేమి కనబడుచున్నది?" అని యడుగుడు.

ఇది నా యొక్కని మాట కాదు. ఆస్ట్రియాదేశమున వియన్నా నగరమందు ఫ్రాంజ్ చిజెక్ అను నతడు 1897లో బాలల చిత్రకళాతరగతి నెలకొల్పి, పెద్దల పనిని అనుకరింపజేయక, వారి చూపునే గౌరవించెను. అదే సంవత్సరమున రాజమహేంద్రవరమున జన్మించిన దామెర్ల రామారావుగారి ప్రతిభను ఆ యూరి కళాశాలాధ్యక్షుడు కూల్డ్రేదొర గుర్తించి ప్రోత్సహించెను. రామారావుగారు 1925లోనే, ముప్పదియేండ్లైన నిండకుండ గతించిరి. అయినను వారి చిత్రములలోని తెలుగువారు నేటికిని తెలుగువారుగనే కనబడుదురు. గుర్తించు పెద్ద యొకడున్న చాలును.

రంగుబిళ్లలు కొనలేనివారు నిరాశపడనక్కఱలేదు. నల్లతుమ్మ జిగురును నీట నానబెట్టి, అందు పసుపు, జల్లించిన ఎఱ్ఱమన్ను, దీపపు మసి వేఱువేఱుగా నూఱిన మూడు రంగులు సిద్ధించును. పసుపులో కొంచెము సున్నము చేర్చిన పారాణివలె ఎఱ్ఱబాఱును. పిల్లలకది యొక యింద్రజాలము. సున్నము మాత్రము పెద్దలే కలుపవలెను, కంటబడిన ప్రమాదము. పసుపురంగు ఎండకు వెలియును గనుక ఆ చిత్రమును నీడపట్టున నుంచుడు.

"బొమ్మలు కూడుపెట్టునా?" యని తండ్రు లడుగుదురు. ఉదయగిరి చెక్కగరిటెలను చూడుడు. కన్ను గుర్తించిన వంపును చేయి చెక్కలో దించినందుననే గదా వానికి 2015లో భౌగోళికసూచిక లభించినది. అయినను ప్రతి బిడ్డయు చిత్రకారుడు కావలెనని నా కోరిక కాదు. నీరెండిన కుంటను, నిండిన కుంటను వేఱువేఱు రంగులతో వేసిన పిల్లవాడు పెద్దవాడైన పిదప ఆ కుంటను గమనింపకుండ దాటిపోడు. వరికుంటపాడు పేరులోనే కుంట యున్నది. దానిని కాపాడుకొనవలసినవారు ఈ పిల్లలే.

కావున వచ్చు ఆదివారమున మీ యింటి అరుగుపై రెండు గిన్నెల నీరుంచుడు. అరుగు మరకలైనచో కడుగవచ్చును. సెలవు.